కడుపుతో ఉన్నప్పుడు ఇన్ని మాత్రలు నిజంగా అవసరమా?

అమ్మా, మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. నాకు అర్థమైనది ఇది. మీకు ఇది తొలి కాన్పు, పద్నాలుగో వారం నడుస్తోంది. హిమోగ్లోబిన్ 10.2 ఉంది. డాక్టరుగారు ఐరన్, క్యాల్షియం, మల్టీవిటమిన్, డీహెచ్‌ఏ (చేపల్లో ఉండే ఒక రకం కొవ్వు) క్యాప్సూల్, వారానికోసారి విటమిన్ డి, మొత్తం ఐదు రాశారు. ఐరన్ మాత్ర వేసుకుంటే కడుపులో తిప్పుతోందని అత్తయ్యగారు పాలతో ఇస్తున్నారు. ఆవిడేమో "మేం ఒక్క మాత్ర మింగకుండానే ముగ్గుర్ని కన్నాం, దానిమ్మ, బీట్‌రూట్ తింటే రక్తం అదే పడుతుంది" అంటున్నారు. మీ ఇంట్లో మాంసం, గుడ్డు తినరు. ఈ మాత్రలన్నీ నిజంగా కావాలా, లేక మందుల షాపు కోసం రాసినవా అన్నది మీ అనుమానం.

సూటిగా చెబుతాను. ఐరన్-ఫోలిక్ యాసిడ్, క్యాల్షియం, ఈ రెండూ మానకూడదు. మీరు శాకాహారులు కాబట్టి బి12 సంగతి చూసుకోవాలి. విటమిన్ డి లోపం ఉంటే కావాలి. డీహెచ్‌ఏ, మల్టీవిటమిన్ వీలుంటే వేసుకోండి, లేకపోతే బెంగ పడకండి. వీటన్నిటికంటే ముందు, ఇవాళ్టి నుంచే ఆ పాల గ్లాసు ఆపండి. పాలతో మింగిన ఐరన్‌లో చాలా భాగం రక్తంలోకి చేరకుండానే బయటికి పోతుంది.

నేను కాన్పుల డాక్టర్ని. పదకొండేళ్లు పల్నాడు వైపు ప్రభుత్వ ఆసుపత్రుల్లో, ఆ తరువాత పదమూడేళ్లుగా గుంటూరులో సొంత క్లినిక్‌లో చూస్తున్నాను. నా దగ్గరికి వచ్చే ప్రతి గర్భిణినీ మందుల కవరు తెచ్చి బల్ల మీద గుమ్మరించమంటాను. అందులో ఉన్న స్ట్రిప్పులే నాకు అసలు సంగతి చెబుతాయి. ఖాళీ గుంటలు లెక్కపెడతాను. "రోజూ వేసుకుంటున్నా మేడమ్" అన్న అమ్మాయి స్ట్రిప్పులో నెలకు తొమ్మిది గుంటలే ఖాళీగా ఉంటాయి. క్యాల్షియం స్ట్రిప్పు మాత్రం పూర్తయి ఉంటుంది. అది తిప్పదు, వాసన రాదు, విరేచనం రంగు మార్చదు. ఇన్నేళ్లలో నేను నేర్చుకున్నది ఇదే. ఏ మాత్ర రాశామన్నది సగం సంగతి. అది ఎప్పుడు, దేనితో మింగారు, అసలు మింగారా అన్నది మిగతా సగం.

ముందు ఐరన్ సంగతి

ఒక కాన్పు మొత్తానికి దాదాపు వెయ్యి మిల్లీగ్రాముల ఐరన్ కావాలి. అందులో సుమారు మూడొందలు బిడ్డకూ మాయకూ, అయిదొందలు మీ ఒంట్లో కొత్తగా తయారయ్యే రక్తానికి, మిగతాది రోజువారీ పోయేదానికి. నెలలు నిండేసరికి మీ రక్తం పరిమాణం దాదాపు సగం పెరుగుతుంది. ఆ పెరుగుదలలో నీటి వాటా ఎక్కువ, ఎర్రకణాల వాటా తక్కువ. అందుకే అందరికీ హిమోగ్లోబిన్ కొంత దిగుతుంది. ఆ దిగుడునంతా మామూలే అనుకుని వదిలేయకూడదు కాబట్టి గర్భిణికి 11 అని గీత గీశారు. 10 నుంచి 10.9 వరకు స్వల్ప రక్తహీనత, 7 నుంచి 9.9 వరకు ఓ మోస్తరు, 7 కంటే తక్కువైతే తీవ్రం. మీది 10.2, అంటే కంగారు పడేంత కాదు, ఊరుకునేంతా కాదు. మీకు తోడు చాలామంది ఉన్నారు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన దేశంలో గర్భిణుల్లో 52 శాతం మందికి రక్తహీనత ఉంది.

దానిమ్మ, బీట్‌రూట్ మాట. ఎర్రగా ఉన్నది తింటే ఎర్ర రక్తం పడుతుందని మనవాళ్ల నమ్మకం. నేను కాదనను, రెండూ మంచి ఆహారమే. కానీ 100 గ్రాముల దానిమ్మ గింజల్లో ఒక మిల్లీగ్రాము ఐరన్ కూడా ఉండదు. బీట్‌రూట్‌దీ దాదాపు అదే కథ. ఆ డబ్బుతో తోటకూర కట్టలు, ఉలవలు, సెనగలు కొనుక్కుంటే ఎక్కువ లాభం. అవి తిన్నా ఒక చిక్కు ఉంది. కూరగాయల్లోంచి, పప్పుల్లోంచి వచ్చే ఐరన్‌లో పదో వంతు కూడా ఒంటికి పట్టదు. మాంసంలో ఉన్నది దానికంటే సులువుగా పడుతుంది. మీరు మాంసం తినరు. హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ సిఫారసు ప్రకారం గర్భిణికి రోజుకు 27 మి.గ్రా. ఐరన్ కావాలి. మన పప్పన్నం, కూర, పెరుగుతో అంత చేరడం కష్టం. ఇక 10.2 నుంచి పైకి రావాలంటే తిండి ఒక్కటే చాలదు.

అత్తయ్యగారు చెప్పింది అబద్ధం కాదు, ఆవిడ కన్నారు. ఆ తరంలో కాన్పయ్యాక రక్తం పోయి ప్రాణం మీదికి వచ్చిన కథ కూడా ప్రతి ఇంట్లోనూ ఒకటి ఉంటుంది. అప్పుడు దాన్ని రక్తం తక్కువ అనేవాళ్లు కాదు, గండం అనేవాళ్లు. కాన్పులో ఆరోగ్యంగా ఉన్న మనిషికి కూడా అర లీటరు దాకా రక్తం పోవచ్చు. 11 ఉన్న అమ్మాయి దాన్ని తట్టుకుంటుంది. 7 ఉన్న అమ్మాయికి అదే అర లీటరు ప్రాణాపాయం. రాత్రి రెండింటికి రక్తం కోసం బంధువులు బ్లడ్ బ్యాంకుల చుట్టూ తిరగడం నేను చూసినన్నిసార్లు మీరు చూసి ఉంటే ఈ ప్రశ్న అడిగేవాళ్లు కారు. తల్లికి రక్తం బాగా తక్కువైతే నెలలు నిండకుండా కాన్పు కావడం, బిడ్డ తక్కువ బరువుతో పుట్టడం కూడా ఎక్కువే.

ఎలా వేసుకోవాలో చెబుతాను, ఇది కాస్త నెమ్మదిగా చదవండి.

పరగడుపున వేసుకుంటే ఐరన్ బాగా పడుతుంది, కానీ చాలామందికి తిప్పుతుంది. మీకు తిప్పుతోంది కాబట్టి రాత్రి భోజనమయ్యాక రెండు గంటలు ఆగి, పడుకోబోయే ముందు వేసుకోండి. నిద్రలో తిప్పడం తెలియదు. అరచెక్క నిమ్మకాయ పిండిన నీళ్లతో మింగండి. లేదా రెండు ఉసిరి ముక్కలు, సగం జామకాయ తినండి. విటమిన్ సి ఐరన్‌ను పట్టించడంలో గట్టి సాయం చేస్తుంది. టీ, కాఫీ, పాలు, పెరుగు, క్యాల్షియం మాత్ర, గ్యాస్ మాత్ర, వీటిలో ఏదీ ఐరన్‌కు రెండు గంటలు అటూ ఇటూ ఉండకూడదు. మన ఇళ్లలో భోజనం పెరుగన్నంతో ముగుస్తుంది, అందుకే ఆ ఎడం అడుగుతున్నాను. పొద్దున టిఫిన్ అవ్వగానే టీ తాగే అలవాటుంటే దాన్ని గంటన్నర వెనక్కి జరపండి. టీలో ఉండే టానిన్లు తిండిలోని ఐరన్‌ను పట్టుకుని పోతాయి.

విరేచనం నల్లగా వస్తుంది. భయపడకండి, అది పట్టని ఐరన్ బయటికి పోవడమే. మలబద్ధకం వస్తే నీళ్లు ఎక్కువ తాగండి, ఆకుకూర, జామపండు, నానబెట్టిన కిస్‌మిస్ తినండి. అప్పటికీ భరించలేకపోతే మాత్ర మానేయకుండా డాక్టర్ని అడిగి రకం మార్పించుకోండి. ఫెర్రస్ సల్ఫేట్ రకం ఐరన్ పడనివాళ్లకు ఆస్కార్బేట్ రకం పడవచ్చు. స్ట్రిప్పు వెనక "ఎలిమెంటల్ ఐరన్", అంటే అసలు ఐరన్, ఎంతో చూడండి, లెక్క దానిదే. పెద్ద అక్షరాల్లో ఉండే అంకె ఐరన్ కలిసిన రసాయనం మొత్తం బరువు కావచ్చు.

మోతాదు సంగతికొస్తే, 2018లో మొదలైన అనీమియా ముక్త్ భారత్ కార్యక్రమం ప్రకారం రక్తం బాగున్న గర్భిణికి కూడా నాలుగో నెల నుంచి రోజుకొక మాత్ర, 180 రోజులు. అందులో 60 మి.గ్రా. ఐరన్, 500 మైక్రోగ్రాముల ఫోలిక్ యాసిడ్ ఉంటాయి. కాన్పు తరువాత మరో 180 రోజులు. 11 కంటే తక్కువుంటే రోజుకు రెండు. మీరు ఈ రెండో కోవలోకి వస్తారు కాబట్టి మీ డాక్టరు రాసినది ఒకటా, రెండా అడిగి నిర్ధారించుకోండి, మీ అంతట మీరు పెంచకండి. పీహెచ్‌సీలో, సబ్ సెంటర్లో ఏఎన్ఎం ఇచ్చే ఎర్ర మాత్రలు ఇవే, ఉచితం. "గవర్నమెంటు మాత్ర పనిచేయదు" అని పారేసి అదే మందు ఉన్న మాత్రను బయట వందలు పోసి కొనేవాళ్లను రోజూ చూస్తాను.

ఇంకో అపోహ. ఐరన్ వేసుకుంటే బిడ్డ నల్లగా పుడుతుందట, బిడ్డ లావైపోయి కాన్పు కష్టమవుతుందట. రెండూ ఉత్తిదే. బిడ్డ రంగు అమ్మానాన్నల నుంచి వస్తుంది. కుంకుమపువ్వుతో తెల్లబడదు, ఐరన్‌తో నల్లబడదు.

ఒక సంగతి చెప్పాలి. పత్తి తీతకు వెళ్లే అమ్మాయి, రెండో కాన్పు, ఆరో నెల. వాళ్లమ్మ సిగ్గుపడుతూ "ఇది బలపాలు తింటోందమ్మా" అంది. పెద్ద పాప పలక మీద రాసుకునే బలపాలు డబ్బాలకు డబ్బాలు నమిలేస్తోంది. పచ్చి బియ్యం కూడా. తిడితే దాచుకుని తింటోంది. హిమోగ్లోబిన్ చూస్తే 6.8. మట్టి, సుద్ద, బలపం, పచ్చి బియ్యం, ఐసు ముక్కల మీదికి మనసు పోవడం చాలాసార్లు ఐరన్ లోపానికి గుర్తు. పెద్దలు దాన్ని వేవిళ్ల కోరిక అని వదిలేస్తారు. అంత తక్కువలో మాత్రలతో కూర్చోలేం, ఆసుపత్రిలో చేర్చి చూడాల్సి వచ్చింది. నులిపురుగుల మందు కూడా ఇచ్చాం. ఆల్బెండజోల్ నాలుగో నెల నుంచి ఒక్క డోసు ఇవ్వడం మామూలు పద్ధతే, మీ డాక్టరు ఇవ్వకపోతే అడగండి. నెలన్నర తరువాత వచ్చినప్పుడు ఆ పిల్ల తనే చెప్పింది, బలపం వాసన చూస్తేనే ఇప్పుడు అసహ్యంగా ఉందని.

ఇప్పుడు నా తప్పు ఒకటి. చాలా ఏళ్ల కిందట ఒకామెకు 9.4 ఉంది. మాత్రలు రెండు చేశాను. నెల తరువాత 9.5. మాత్రలు వేసుకోవడం లేదని నలుగురి ముందూ కోప్పడ్డాను. ఆమె కళ్లనీళ్లు పెట్టుకుని ఖాళీ స్ట్రిప్పులన్నీ చూపించింది. అప్పుడు పాత రిపోర్టు మళ్లీ చూస్తే ఎర్రకణాల సైజు చెప్పే ఎంసీవీ మొదటి నుంచీ 64, బాగా తక్కువ. తలసీమియా క్యారియర్, అంటే తల్లిదండ్రుల నుంచి వచ్చే ఒక రక్త జబ్బు జన్యువును మోస్తున్న మనిషి. ఆ అంకె నా కళ్ల ముందే ఉన్నా నేను హిమోగ్లోబిన్ ఒక్కటే చూశాను. అలాంటివాళ్లకు ఐరన్ లోపం లేకపోతే ఎంత ఐరన్ పోసినా హిమోగ్లోబిన్ కదలదు. భర్త కూడా క్యారియర్ అయితే బిడ్డకు ఆ జబ్బు తీవ్ర రూపమైన తలసీమియా మేజర్ వచ్చే అవకాశం నాలుగింట ఒకటి, అందుకే ఆయనకూ పరీక్ష చేయించాం. అదృష్టం, ఆయనకు లేదు. కాబట్టి నెలరోజులు సరిగ్గా వేసుకున్నా హిమోగ్లోబిన్ కదలకపోతే మోతాదు పెంచమని కాదు, కారణం వెతకమని అడగండి. అరకు, ఆదిలాబాద్ లాంటి ఏజెన్సీ ప్రాంతాలవాళ్లయితే సికిల్ సెల్ అనే ఇంకో వంశపారంపర్య రక్త జబ్బు పరీక్ష కూడా.

క్యాల్షియం

ఇది ఎముకల కోసమే అనుకుంటారు. అంతకంటే పెద్ద కారణం బీపీ. తిండిలో క్యాల్షియం తక్కువగా ఉన్న తల్లులకు మాత్రలు ఇస్తే గుర్రపువాతానికి ముందు వచ్చే ప్రీఎక్లాంప్సియా (గర్భంలో బీపీ ప్రమాదకరంగా పెరిగే జబ్బు) తగ్గుతుందని గట్టి ఆధారాలున్నాయి. మన ప్రభుత్వ పద్ధతి ప్రకారం పద్నాలుగో వారం నుంచి రోజుకు రెండు మాత్రలు, ఒక్కోదానిలో 500 మి.గ్రా. క్యాల్షియం, 250 ఐయూ విటమిన్ డి. కాన్పు తరువాత ఆరు నెలల దాకా. 2024లో వెలువడిన ఒక పెద్ద పరిశోధనలో బెంగళూరులోనూ టాంజానియాలోనూ చెరో 11,000 మంది గర్భిణులకు ఇచ్చి చూస్తే, ప్రీఎక్లాంప్సియా విషయంలో రోజుకు 500 మి.గ్రా. కూడా 1500 మి.గ్రా. అంత పనీ చేసింది. కాబట్టి ఒక పూట మాత్ర మరిచిపోతే గుండెలు బాదుకోకండి. రెండూ మానేయడమే తప్పు.

టిఫిన్ తరువాత ఒకటి, మధ్యాహ్నం భోజనం తరువాత ఒకటి వేసుకోండి. రాత్రి ఐరన్‌ది. క్యాల్షియం కార్బొనేట్ తిండితో వేసుకుంటేనే బాగా పడుతుంది, రెండూ ఒకేసారి మింగితే సరిగా పట్టదు. తిండిలోనైతే రాగులకు మించినవి తక్కువ, 100 గ్రాముల్లో 350 మి.గ్రా. వరకు ఉంటుంది. రాగి జావ, సంకటి, మునగాకు పప్పు, రోజుకు రెండు గ్లాసుల పాలు. చూశారా, పాలు మానమనడం లేదు, ఐరన్ పక్కన వద్దంటున్నాను. నువ్వులు వేడి చేస్తాయి, కడుపు పోతుంది అని భయపెడతారు. ఒక నువ్వులుండ తిన్నందుకు గర్భం పోయిన మనిషిని ఇన్నేళ్లలో నేను చూడలేదు.

ఫోలిక్ యాసిడ్: మీకు కాదు, మీ చెల్లెలికి

మీరు పద్నాలుగో వారంలో ఉన్నారు. ఫోలిక్ యాసిడ్ చేసే అతి ముఖ్యమైన పని అప్పటికే అయిపోయింది. బిడ్డ మెదడు, వెన్నుపాము ఏర్పడే గొట్టం గర్భం ధరించిన 28 రోజుల్లోనే మూసుకుంటుంది. అంటే నెల తప్పిందని పరీక్ష చేసుకుని, ఇంట్లో చెప్పి, మంచిరోజు చూసుకుని డాక్టరు దగ్గరికి వచ్చేసరికి ఆ పని జరగాల్సినట్టు జరిగిపోయి ఉంటుంది, లేదా జరగకుండా ఉంటుంది. అందుకే పిల్లల కోసం అనుకున్నప్పుడే, కనీసం నెల ముందు నుంచి, రోజుకు 400 మైక్రోగ్రాములు వేసుకోవాలి. పెళ్లయిన చెల్లెలో స్నేహితురాలో ఉంటే ఈ ఒక్క పేరా పంపండి. మీకు ఇప్పుడు ఐరన్ మాత్రలో ఉన్న ఫోలిక్ చాలు.

దీని చరిత్రకు మన దేశంతో సంబంధం ఉంది. 1928లో లూసీ విల్స్ అనే ఇంగ్లీషు డాక్టరు బొంబాయి వచ్చి, బట్టల మిల్లుల్లో పనిచేసే పేద గర్భిణుల్లో ఒక వింత రక్తహీనతను చూసింది. ఈస్ట్ నుంచి తీసే మార్మైట్ తినిపిస్తే అది తగ్గింది. 1931లో ఆ సంగతి ప్రకటించింది. మార్మైట్‌లో పనిచేసిన ఆ పదార్థమే తరువాత పాలకూర ఆకుల్లోంచి తీసి ఫోలిక్ యాసిడ్ అని పేరు పెట్టినది. వెన్నుపాము లోపాలకూ దీనికీ ఉన్న లంకె తేలడానికి ఇంకో అరవై ఏళ్లు పట్టింది. 1991లో బ్రిటన్ వైద్య పరిశోధన మండలి ఏడు దేశాల్లో చేసిన అధ్యయనంలో, అంతకుముందు అలాంటి బిడ్డను కన్న తల్లులకు రోజుకు 4 మి.గ్రా. ఇస్తే మళ్లీ రావడం 72 శాతం తగ్గింది.

ఆ 72 వెనక ఉన్న ఒక ముఖం నాకు గుర్తుంటుంది. పందొమ్మిదో వారంలో టిఫా స్కాన్‌కు, అంటే బిడ్డ అవయవాలన్నీ చూసే స్కాన్‌కు, వెళ్లిన అమ్మాయి. బిడ్డ తల పైభాగం ఏర్పడలేదు. స్కాన్ గదిలోంచి బయటికి వచ్చి "నేనేం తప్పు చేశాను మేడమ్" అని అడిగింది. ఏ తప్పూ చేయలేదు, గర్భానికి ముందే ఒక మాత్ర వేసుకోవాలని ఆమెకు ఎవరూ చెప్పలేదు, అంతే. తరువాతిసారి మూడు నెలల ముందు నుంచి 5 మి.గ్రా. ఇచ్చాం. ఇప్పుడు ఆ పాప మూడో తరగతి. ఇంతకుముందు ఇలాంటి బిడ్డ పుట్టినవాళ్లు, షుగర్ ఉన్నవాళ్లు, మూర్ఛ మందులు వాడేవాళ్లు మామూలు మోతాదుతో సరిపెట్టుకోకుండా ముందే డాక్టరుతో మాట్లాడాలి. మూర్ఛ మందు మాత్రం భయపడి మీ అంతట మీరు ఆపకండి, ఫిట్స్ వస్తే తల్లికీ బిడ్డకూ ప్రమాదం.

బి12: శాకాహారుల ఇళ్లలో ఎవరూ అడగనిది

ఆకుల్లో, పప్పుల్లో, పండ్లలో బి12 ఉండదు. పాలు, పెరుగులో కొంత ఉంటుంది. గుడ్డు, చేప, మాంసంలో ఎక్కువ. ఇడ్లీ పిండి పులిస్తే బి12 వస్తుందని వాట్సాప్‌లో తిరుగుతుంది, దాన్ని నమ్ముకోకండి. ఇందులో ఒక మెలిక ఉంది. ఫోలిక్ యాసిడ్ బాగా అందుతుంటే బి12 లోపం వల్ల వచ్చే రక్తహీనత పైకి కనిపించకుండా పోతుంది, నరాల మీద దెబ్బ మాత్రం లోపల సాగుతుంది. పుణె చుట్టుపక్కల గ్రామాల్లో తల్లుల్నీ పిల్లల్నీ ఏళ్ల తరబడి గమనించిన అధ్యయనంలో, తల్లికి బి12 తక్కువగా, ఫోలేట్ (ఫోలిక్ యాసిడ్) ఎక్కువగా ఉంటే పిల్లల్లో ఆరేళ్లకే ఇన్సులిన్ సరిగా పనిచేయకపోవడం ఎక్కువగా కనిపించింది. అరికాళ్లలో తిమ్మిర్లు, నాలుక ఎర్రగా నున్నగా అయి మండడం, విపరీతమైన నీరసం ఉంటే వెంటనే చెప్పండి. ఏమీ లేకపోయినా మీరు ఒకసారి బి12 పరీక్ష చేయించుకోమనే నా సలహా. మీకు రాసిన మల్టీవిటమిన్‌లో బి12 ఉందో లేదో, ఎంత ఉందో స్ట్రిప్పు వెనక చూడండి. ఉంటే మీ విషయంలో ఆ మాత్రకు విలువుంది. పైన "వీలుంటే వేసుకోండి" అన్నాను కదా, గుడ్డు తినేవాళ్లకు అలా అంటాను. మీకు కాదు.

ఉప్పు మార్చారా?

ఈ మధ్య చాలా వంటిళ్లలో గులాబీ రంగు రాతి ఉప్పు చేరింది. "కెమికల్ లేదు మేడమ్" అంటారు. అందులో కలిపిన అయోడిన్ కూడా లేదు. బిడ్డ మెదడు ఎదగడానికి తల్లి థైరాయిడ్ హార్మోను కావాలి, దానికి అయోడిన్ కావాలి. గర్భిణికి రోజుకు 250 మైక్రోగ్రాములు కావాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. మామూలు అయొడైజ్డ్ ఉప్పు వాడితే చాలు, విడిగా మాత్ర అక్కర్లేదు. ఉప్పులో అయోడిన్ కలిపితే గాయిటర్ (గొంతు దగ్గర వచ్చే థైరాయిడ్ వాపు) తగ్గుతుందని హిమాచల్‌లోని కాంగ్డా లోయలో 1950ల్లో మొదలుపెట్టిన ప్రయోగంతో నిరూపించిన బృందానికి నాయకుడు మన శ్రీకాకుళంలో పుట్టిన డాక్టర్ వులిమిరి రామలింగస్వామి. విశాఖ ఆంధ్ర మెడికల్ కాలేజీలో చదివినాయన. ఇంత దగ్గరి మనిషి సాధించిపెట్టిన దాన్ని ఫ్యాషన్ కోసం వంటింట్లోంచి బయటపడేస్తే నాకు కోపం వస్తుంది. బీపీ ఉంటే ఉప్పు తగ్గించండి, రకం మార్చకండి. మూత పెట్టిన డబ్బాలో, పొయ్యికి దూరంగా ఉంచండి.

ఎక్కువైతే హాని చేసేది ఒకటుంది

విటమిన్ ఎ. రెటినాల్ రూపంలో రోజుకు 10,000 ఐయూ దాటితే, ముఖ్యంగా మొదటి మూడు నెలల్లో, బిడ్డకు లోపాలు వచ్చే ప్రమాదం ఉంది. మీరు మాంసం తినరు కాబట్టి సరే, చదివే మిగతావాళ్లు వినండి. రక్తం పడుతుందని వారానికి మూడు రోజులు మేక కార్జం తినిపించే ఇళ్లున్నాయి. కార్జంలో ఐరన్‌తో పాటు విటమిన్ ఎ కూడా విపరీతంగా ఉంటుంది. మొదటి మూడు నెలలు పూర్తిగా వద్దంటాను, తరువాత కూడా ఎప్పుడో ఒకసారి, కాస్తంత. కాడ్ లివర్ ఆయిల్ క్యాప్సూల్స్ కూడా ఇదే కోవ. మొటిమలకు వాడే ఐసోట్రెటినాయిన్ అయితే గర్భంలో అసలు పనికిరాదు. క్యారెట్, మునగాకు, మామిడిపండులో ఉండే రకంతో ఈ భయం లేదు, తినండి.

రెండు డాక్టర్ల దగ్గర రెండు చీటీలు రాయించుకుని, రెండు వేర్వేరు పేర్లతో ఒకే మల్టీవిటమిన్ రెండుసార్లు మింగేవాళ్లు నా బల్ల మీద తరచూ తేలతారు. మందుల కవరు గుమ్మరించమనేది ఇందుకు కూడా.

మిగతావి గబగబా. విటమిన్ డి వారానికి 60,000 ఐయూ అన్నది లోపం ఉన్నవాళ్లకు కొన్ని వారాలు ఇచ్చే మోతాదు. ఎన్ని వారాలో అడిగి రాసుకోండి, అయిపోయాక కూడా మీ అంతట మీరు కొనుక్కుంటూ పోకండి. డీహెచ్‌ఏ చేపలు తినేవాళ్లకు తిండిలోనే దొరుకుతుంది, శాకాహారులైతే నాచు నుంచి తీసినది ఉంటుంది, ఖరీదు ఎక్కువ. అది కొనడానికి పాలు, పప్పు తగ్గించుకోవాల్సి వస్తే డీహెచ్‌ఏనే మానండి. పెద్ద డబ్బాల్లో వచ్చే ప్రోటీన్ పౌడర్ల మీద నాకు పెద్ద నమ్మకం లేదు, చాలావాటిలో చక్కెర రుచే ముందుంటుంది. గుప్పెడు వేరుసెనగలు, గట్టి పప్పు, ఒక కప్పు పెరుగు ఆ పని చేస్తాయి. అంగన్‌వాడీలో పేరు రాయించుకోండి, ఉద్యోగం చేస్తున్నామని మొహమాట పడకండి. తెలంగాణలో 2015 నుంచి ఆరోగ్య లక్ష్మి కింద గర్భిణులకు అక్కడే ఒక పూట పూర్తి భోజనం, గుడ్డు, పాలు పెడుతున్నారు. ప్రతి నెలా 9వ తేదీన ప్రభుత్వ ఆసుపత్రుల్లో డాక్టరు గర్భిణులను ఉచితంగా చూస్తారు, రక్తపరీక్షతో సహా.

మీ ముందున్న పని ఇది. ఇవాళ రాత్రి నుంచి ఐరన్ నిమ్మకాయ నీళ్లతో. నాలుగు వారాలకు మళ్లీ రక్తపరీక్ష, హిమోగ్లోబిన్ ఒక్కటే కాదు, రక్తకణాలన్నీ చూసే పూర్తి సీబీపీ. సరిగ్గా వేసుకుంటే ఒక పాయింటు దాకా పెరగాలి. ఎంసీవీ అంకె కూడా చూసి డాక్టర్ని అడగండి. 11 దాటిందని రెండు మాత్రల్ని ఒకటి చేయడం డాక్టరు పని, పూర్తిగా మానేయడం ఎవరి పనీ కాదు. మధ్యలో నాలుగడుగులు వేస్తేనే ఆయాసం వచ్చినా, గుండె దడదడలాడినా, ముఖం, చేతులు ఉబ్బినా, తలనొప్పితో కళ్లు మసకలు కమ్మినా నాలుగు వారాలు ఆగకుండా వెంటనే వెళ్లండి.

ఇక అత్తయ్యగారి సంగతి. ఆవిడతో వాదన పెట్టుకోకండి. కోడలికి తిప్పుతోందని పాలు కాచి గ్లాసుతో పట్టుకొచ్చే మనిషి ఆవిడ, ఆ పాలు సాయంత్రం నాలుగింటికి మార్చమని అడగండి చాలు. నా దగ్గరికి వచ్చే ఒక అమ్మాయి వాళ్ల అత్తగారికి అసలు పనే అప్పగించింది. రాత్రి తొమ్మిదిన్నరకు ఆవిడే నిమ్మకాయ కోసి, మాత్ర చేతిలో పెట్టి, మింగేదాకా నిలబడేది. ఆ అమ్మాయి స్ట్రిప్పుల్లో నాకు ఒక్క గుంట కూడా నిండుగా దొరకలేదు.